కాలిపోవాల్సిన నౌక

పగలు మగ్గాలు బాగుచేసి, సాయంత్రాలు విషాద నాటకాలు రాసేవాడు సూరత్‌లో మా డిండోలి పేట మొత్తానికీ నేనొక్కణ్ణే. ఆ ఒక్కడైనా ఎందుకని డిండోలి బాధ. అప్పటికి మూడు రాశాను. మూడింటికీ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈ వినాయక చవితికి కూడా నవ్వితే ఇక కలం ముట్టొద్దని మా ఆవిడ మంగ తేల్చి చెప్పింది. పౌరుషానికి పోయి ఒట్టు కూడా వేశాను.

అది తొంభై ఏడు. ఆకాశంలో తిరిగే రష్యావాళ్ల పాత అంతరిక్ష కేంద్రం మాటిమాటికీ చెడిపోతోందనీ, అందులోవాళ్లు అతుకులేసి నెట్టుకొస్తున్నారనీ పేపర్లో చదివాను. ఇది మన పనే కదా అనిపించింది. ముసలి అంతరిక్ష నౌక ఒకటి భూమికి తిరిగొస్తుంటుంది. కెప్టెన్ దారిపొడుగునా దాన్ని బాగుచేసుకుంటూ వచ్చి, భూమి కనబడుతుండగా ఇంజను ఆగి కాలిపోతాడు. కెప్టెన్ని నేనే. చచ్చేముందు పావుగంట ప్రసంగం పెట్టుకున్నాను.

నౌకను రేకులతో కట్టి, లోపల పాత మగ్గం మోటారుకు పెద్ద చక్రం తగిలించాను. చక్రం తిరిగితే నౌక బతికున్నట్టు, ఆగితే చచ్చినట్టు.

మండపం ముందు కూర్చున్నవాళ్లంతా కరీంనగర్ పల్లెల నుంచి వచ్చి సూరత్ మగ్గాల మీద బతికేవాళ్లే. చివరి ఘట్టంలో నేను స్విచ్చి ఆపి 'ఓ పుడమితల్లీ' అన్నానో లేదో, ముందు వరసలోంచి మా పెద్ద మిస్త్రీ నర్సింగం లేచాడు. ఆగిన మిషను కళ్లెదుట ఉంటే కూర్చోలేని మనిషి. నడుముకున్న పానా తీసి నౌకలోకి ఎక్కేశాడు. వెనకే ఇంకో నలుగురు. ఇది నాటకమని చెవిలో చెప్పాను. నాటకమైతే మాత్రం బెల్టు ఇంత వదులుగా ఉంచుతారా అని నన్నే తిట్టాడు. బెల్టు బిగించి, నూనె పోసి, స్విచ్చి వేశాడు. వారం నుంచి గరగరలాడిన చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

జనం ఈలలు వేసి నవ్వారు. మంగ కూడా నవ్వుతోంది. నా రాతకోతలు ఇక్కడితో సరి అనుకున్నాను. అయినా పట్టు వదలకుండా చావడానికి గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"మిషిన్ మంచిగ నడుస్తుంది గదరా పరుశురాం," అన్నాడు నర్సింగం. "ఇగ సచ్చుడెందుకు? ఇంటికి తోలుకపో."

అందరూ కలిసి నౌకను అట్ట భూమి దాకా నెట్టి, తలుపు తెరిచారు. నేను దిగాలి. దిగినవాడు ఏమనాలో నేను రాయలేదు. చచ్చేవాడికి ఆ అవసరం రాదనుకున్నాను. జనం నా నోటివైపే చూస్తున్నారు. నేను ఊరు చూసి ఆరేళ్లయింది. ఏమీ తోచక, బస్సు దిగి ఇంటి గడపలో నిలబడి అమ్మతో అనే మాటే అన్నాను.

"అవ్వా, అచ్చిన."

ఎవరూ నవ్వలేదు. నర్సింగం పానా కింద పెట్టి, కండువాతో ముఖం కప్పుకున్నాడు. ఆడవాళ్లలో మంగ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకూ దుఃఖం ఆగలేదు. కలం నాకే మిగిలింది, కానీ రాసిన నలభై పేజీల్లో ఎక్కడా ఆ మాట లేదు.