పేరు మాత్రం రాయలేదు

ఆ హాస్టల్లో విదేశం నుంచి పద్దెనిమిది మంది కాలేజీ పిల్లలు దిగారు. దేనికయ్యా అంటే, జాతి వివక్ష గురించి చదువుకోవడానికట! దానికోసం విమానం ఎక్కి రావాలా అని మూడో అంతస్తు తుడిచే ఆయా ముక్కున వేలేసుకుంది. ఆవిడకైతే ఆ చదువు ఒంటి రంగుతో పాటే వచ్చేసింది మరి.

పిల్లలు మంచివాళ్ళే, అబద్ధమెందుకు? తమ పక్కలు తామే సర్దుకునేవాళ్ళు. "కూర్చో పిన్నీ" అని కుర్చీ లాగేవాళ్ళు. వాళ్ళలో కళ్ళజోడు పిల్ల రోజూ వెంటపడేది. "నీకేం జరిగిందో చెప్పు పిన్నీ. నీ పేరు రాయం, ఒట్టు!"

మూడు రోజులు ఆవిడ నోరు మెదపలేదు. కూతురికి ఆ హాస్టల్లోనే ముందు కౌంటర్లో ఉద్యోగం ఖాయమైంది, సోమవారం చేరాలి. ఆ కౌంటర్లో నల్లపిల్ల నిలబడటం అదే మొదలు. ఏడాదిపాటు కాళ్ళావేళ్ళా పడితే గానీ మేనేజరు ఒప్పుకోలేదు. కానీ ఎంతైనా మనిషి కదా! పదకొండేళ్ళలో ఎవరూ అడగని మాట అడిగేసరికి లోపలున్నదంతా తన్నుకొచ్చింది.

"ముందు గుమ్మంలోంచి మా రంగు వాళ్ళని రానివ్వరమ్మా. నల్ల మొహం చూస్తే గెస్టులు జడుసుకుంటారంటాడు మేనేజరు" అనేసింది. అనేశాక ప్రాణం తేలికపడింది కూడా.

ఆఖరి రోజు హాల్లో మీటింగు. ముందు వరసలో మేనేజరు. కళ్ళజోడు పిల్ల కాగితం తీసింది. "పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక స్త్రీ. పదకొండేళ్ళుగా ఇక్కడ మూడో అంతస్తు తుడుస్తోంది..." అని మొదలుపెట్టి, ఆవిడ చెప్పిందంతా పొల్లుపోకుండా చదివింది.

ఓసి పిచ్చిపిల్లా! మూడో అంతస్తుకి ఎంతమంది ఆయాలున్నారే?

హాలంతా వెనక్కి తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ ఆయాని చూసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మేనేజరే.

బస్సెక్కే ముందు ఆ పిల్ల వచ్చి వాటేసుకుంది. "మాటిచ్చినట్టే పేరు రాయలేదు, చూశావా పిన్నీ?" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఏమని తిట్టాలి దాన్ని? "చల్లగా ఉండు తల్లీ" అంది ఆయా.

బస్సు గేటు దాటకముందే మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు. అరవలేదు. అరిచినా బావుండేది.

"మీ అమ్మాయి సంగతి తర్వాత చూద్దాంలే. ఇప్పుడు తీసుకుంటే వీళ్ళ రిపోర్టుకి భయపడ్డాననుకోరూ?" అన్నాడు, బస్సువైపు నవ్వుతూ చెయ్యి ఊపుతూనే. "నువ్వూ ఊపు. చూస్తున్నారు."

ఆవిడ చెయ్యెత్తి ఊపింది.