తోకకు యాది

పొద్దున ఏడింటికి సంపత్ ముందు, నీరజ వెనక, ఊరుకాని ఊరు నవాగామ్‌లోని గది నుంచి కారఖానాకు నడిచిపోవడం మూడేళ్లుగా అలవాటు. అతను ఆరో నంబరు సాంచా, అంటే మరమగ్గం, నడుపుతాడు. ఆమె మూలనున్న మిషన్ మీద కండెలు చుడుతుంది. పన్నెండు సాంచాలూ ఒక్కసారి మొదలైతే పక్క మనిషి అరిచినా వినపడదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సిందే.

వానాకాలం వచ్చిందంటే ఆ రేకుల కప్పు కింద ఎముకల్లేని జనమంతా చేరుతుంది. మోరీలో జలగలు, గోడల మీద నత్తలు, గోనె సంచుల కింద జెర్రులు, రోకలిబండలు, గడప దగ్గర ఎర్రలు. ఆ ఎర్రలను తినడానికి పారతల పురుగు వస్తుంది. జానెడు పొడుగు, తడిసిన నూలుపోగంత సన్నం, ఒళ్లంతా చదును. తల మాత్రం చిన్న పారలా విచ్చుకుని ఉంటుంది. దానికి నెత్తురు లేదు, ఊపిరితిత్తులు లేవు. పొట్ట మధ్యన ఒకటే నోరు, మింగడానికీ కక్కడానికీ అదే. మనిషి పుట్టకముందు నుంచీ ఈ కాస్త సరంజామాతోనే బతుకుతోంది, ఇంకేమైనా కావాలని ఎవరినీ అడగలేదు.

ఇనుములోకి కరెంటు దిగబోయే సాంచా కింద పారతల ముందే వచ్చి పడుకుంటుంది. ఆ సాంచాను అప్పటికప్పుడు ఆపేస్తారు. మిస్త్రీ ముత్యం విప్పి చూస్తే ఎక్కడో ఒకచోట తీగ ఒలిచి ఉంటుంది. కారఖానా యజమాని సేఠ్ కూడా దీనికి అడ్డు చెప్పడు. నాలుగేళ్ల కింద ఒకసారి చెప్పాడు. తొమ్మిదో నంబరు దగ్గర గణపతి నిలుచున్నవాడు నిలుచున్నట్టే ప్రాణం వదిలాడు.

ఆ మధ్యాహ్నం నీరజ అన్నం తిని, గిన్నె కడుక్కుని, తడికాళ్లతోనే వచ్చి పీట మీద కూర్చుంది. స్విచ్ వేయబోతూ కిందికి చూస్తే నేల మీద గోధుమరంగు పోగు కొస కనిపించింది. కండెలు చుట్టేవాళ్ల చేతికి ఒక జబ్బు ఉంటుంది. తెగిన పోగు కంటపడితే బుర్రకు తెలియకముందే కత్తెర కదులుతుంది, లేకపోతే అది పోయి మిషన్‌కు చుట్టుకుంటుంది. నీరజ వంగి కసుక్కున కత్తిరించింది. పోగు రెండు ముక్కలైంది. రెండు ముక్కలూ మెలికలు తిరిగాయి.

తల ఉన్న ముక్క జారి మోరీలో పడి వాననీళ్లతో కొట్టుకుపోయింది. తోక ముక్క అక్కడే వణుకుతూ ఉండిపోయింది. నీరజ అరిచిన అరుపు సాంచాల మోతను కూడా దాటింది.

గుడ్డ మడతలు పెట్టే వెంకటవ్వ మొదట వచ్చింది. చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"ఏం జేసినవే పిల్లా!"

"పోగనుకున్న అవ్వా..."

"ఏ సాంచాకు పోతుండెనో ఏమో! నడిమిట్లనే కోస్తివి గదనే!"

ముత్యం పన్నెండు సాంచాలకూ టెస్టర్ పెట్టి, మెయిన్ దించి, విప్పి, మళ్లీ బిగించాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే అందరినీ ఎక్కువ భయపెట్టింది. పన్నెండు సాంచాలు ఎన్ని రోజులు ఆపుతామని సేఠ్ చేతులెత్తేశాడు. కాళ్ల కింద చెక్కలు వేసుకుని నడపమన్నాడు.

"తల పోయినా తోకకు యాది ఉంటది," అంది వెంకటవ్వ. "పది దినాలల్ల తల మొలుస్తది. కోసినోళ్లే సాకాలె. అందాక నువ్వు ఈడ అడుగు పెట్టొద్దు బిడ్డా."

నీరజ మిషన్ మీద గోనె సంచి కప్పేశారు. కండెలు పక్క కారఖానా నుంచి తెప్పించుకున్నారు.

గాజు సీసాలో తడిమన్ను పోసి, తడిగుడ్డ పరిచి, నీరజ ఆ తోకను గదిలో పెట్టుకుంది. చేత్తో ముట్టుకుంటే దురద పెడుతుందని ఆకుతో జరిపేది. పొద్దున సంపత్ చెప్పులు వేసుకుంటుంటే ఆమె గడపకు అడ్డం నిలబడేది.

"ఇయ్యాల పోకయ్యా. జొరమొచ్చిందని చెప్పు."

"నేను పోకుంటే నా సాంచా మీద ఇంకొకడు నిలబడ్తడు. ఆనికి పెండ్లాం లేదా?" అనేవాడు సంపత్. అని, గడప దాటేముందు తనే ఒకసారి సీసాలోకి తొంగి చూసేవాడు. ధైర్యం సంగతి అంతే.

రోజంతా ఆమెకు పొయ్యి పక్కనే ఫోను, ఫోను మీదే చూపు. ఎవరైనా పరుగెత్తిన చప్పుడైతే చాలు, వాళ్లు తన తలుపే కొడతారనుకునేది. నాలుగో రోజు తెగిన చోట మానింది. ఏడో రోజు అక్కడ పాలిపోయిన బుడిపె లేచింది. నీరజ ఆ బుడిపెకే దండం పెట్టింది. "తొందరగా మొల్వు తల్లీ, ఆయన ఆడ నిలబడ్డడు," అని ఏడ్చింది. పదో రోజుకు బుడిపె పారలా విచ్చుకుంది.

మరునాడు పొద్దున సీసా పట్టుకుని ఆమె కారఖానాకు వచ్చింది. సేఠ్ సాంచాలన్నీ ఆపించాడు. నేతగాళ్లు ఎవరి సాంచా పక్కన వాళ్లు నిలబడ్డారు. అంత నిశ్శబ్దంగా ఆ చోటును ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కప్పు మీంచి కారే చుక్కలు ఒక్కొక్కటీ వినపడుతున్నాయి.

ఎటు పోవాలో దాన్నే తేల్చుకోనిమ్మని వెంకటవ్వ చెప్పింది. నీరజ ఆకు మీద పురుగును తెచ్చి గుమ్మం దగ్గర వదిలింది. అది కొత్త తల ఎత్తి అటూ ఇటూ ఊపి, జిగట గీత గీస్తూ కదిలింది. ఒకటో నంబరు దాటింది. రెండు, మూడు దాటింది. దాటినకొద్దీ ఆ సాంచా మనిషి ఊపిరి వదలడం వినిపించింది. ఆరో నంబరు ముందు ఆగింది.

సంపత్ కదల్లేదు. నీరజ వెంకటవ్వ భుజం పట్టుకుంది.

పురుగు తల తిప్పింది. ఏడు, ఎనిమిది దాటింది. పన్నెండూ దాటింది. ఇక ముందు సాంచాల్లేవు. మూలకు పోయి, గోనె సంచి కిందికి దూరి, నీరజ కాలు పెట్టే ఇనుప పట్టీ మీద అడ్డంగా పడుకుంది.

ముత్యం సంచి లాగేసి, మెయిన్ దించి వచ్చి, పట్టీ విప్పాడు. లోపల తీగను ఎలుక కొరికేసింది. ఒలిచిన రాగి ఇనుముకు ఆనుకునే ఉంది.

"స్విచ్ ఏస్తెనే కరెంటు దిగుతది," అన్నాడు. "సాంచాలకే పోతదనుకున్నం గని, దీన్ని ఎవ్వలం జూడలే. ఆ దినం నువ్వు ఏసినవా చెల్లె?"

"ఏయబోయిన..." అంది నీరజ.

తడిసిన పాదాలూ, స్విచ్ మీదికి పోతున్న చెయ్యీ, పాదానికి బెత్తెడు దూరంలో గోధుమరంగు పోగూ, అన్నీ ఒక్కసారే కళ్లముందుకొచ్చాయి. పదకొండు రోజులు ఆయన కోసం దాచుకున్న భయమంతా ఇప్పుడు దారి తెలిసినట్టు ఆమెలోకే దిగింది. నేల మీద కూలబడిపోయింది. ఆ కారఖానాలో అందరి ముందూ సంపత్ ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

పారతల పట్టీ దిగి మోరీ వైపు పోయింది. పోతూ పోతూ, వాటి జాతి చేసే పద్ధతిలోనే, తోక కొసను నేలకు అంటించి తెంపుకుని వదిలేసింది. గోరంత ముక్క. నీరజ మిషన్ మీది కత్తెర తీసి ముత్యం చేతిలో పెట్టి, ఆకుతో ఆ ముక్కను ఎత్తి సీసాలో వేసుకుంది.