చేతికి వేరే పని

ప్రెస్సులో అందరూ ఆమెను రైలు అనేవాళ్లు. పుస్తకాలు టైపు చేయడం ఆమె పని. కూర్చుందంటే మధ్యలో స్టేషన్లు లేవు, అన్నానికి మాత్రమే ఆగేది.

"కాస్త లేచి అటూ ఇటూ తిరగవే, కుర్చీకి అంటుకుపోతావు" అనేది బైండింగు బల్ల దగ్గర పనిచేసే వదిన.

"నీలా తిరిగితే నా పని తెమిలినట్టే!" అని నవ్వేసేది రైలు.

మెడ పట్టేసినా, కళ్లు మండినా మామూలేలే అనుకుంది. ఓ ఉదయం కూతురికి జడ వేస్తుంటే పాయలు వేళ్లలోంచి జారిపోయాయి.

"గట్టిగా పట్టుకోమ్మా" అంది పిల్ల.

గట్టిగా పట్టుకున్నాననే అనుకుంటోంది తను. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరు మణికట్టు నొక్కి చూశాడు. "మందిస్తాను గానీ, పని తీరు మార్చకపోతే లాభం లేదమ్మా. ఏకబిగిన టైపు చేయకండి. మధ్యమధ్య లేవండి, దూరంగా చూడండి, చేతికి వేరే పని చెప్పండి."

"వేరే పని ఎక్కణ్ణుంచి తేను?" అని వదిన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా కాళ్లేమైనా ఇనుపవా? పొద్దస్తమానం నిలబడే ఉంటాను. కాసేపు నువ్వు నా బల్ల దగ్గరికి రా, నేను నీ కుర్చీలో కూర్చుంటా. నాకు టైపు రాకపోయినా తప్పులు పట్టడం వచ్చుగా?"

యజమాని గొణిగాడు. "రెండు పనులూ చెడతాయి."

"ఓ వారం చూడండి సార్, చెడితే మీ ఇష్టం" అంది వదిన.

మొదట్లో పనులు చెడిన మాటా నిజమే. రైలు మడిచిన కాగితాల కట్ట ఒకటి తలకిందులైంది. ఆ సాయంత్రమే వదిన, రైలు టైపు చేసిన పాఠంలో ఒక పేరా రెండుసార్లు పడిందని కనిపెట్టింది. రైలుకు ఉక్రోషం వచ్చింది. ఏళ్ల తరబడి తన పేజీల్లో ఎవరూ తప్పు చూపలేదు మరి. మూతి ముడుచుకుని దిద్దింది. అలసిపోయి కొట్టిన పేజీ అది, తనకూ తెలుసు.

అచ్చుకెళ్లకముందే తప్పు దొరికిందని యజమాని ఈ పద్ధతినే సాగనిచ్చాడు. పేజీలు కాస్త తగ్గాయి, మళ్లీ చేయాల్సిన పనీ తగ్గింది. కొన్ని నెలలకు వేళ్లకు పట్టు వచ్చింది. చలి రోజుల్లో మణికట్టు సలపడం మాత్రం పోలేదు.

బడులు తెరిచే ముందు పెద్ద ఆర్డరు పడింది. యజమాని హడావుడిగా వచ్చేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి, చేతులు విదిలించుకుంటూ వీధి చివర దాకా చూస్తున్నారు.

"ఇంత పని పెట్టుకుని ఇదేంటమ్మా?"

"ఇంత పని ఉందనే సార్" అంది రైలు, అక్కణ్ణుంచి కదలకుండా.