నాలుగు వేళ్ల రేకు

నేను ఒక మిల్లరును. కాంక్రీటు కలిపేదాన్ని. ఇప్పుడు రేకు ముక్కను. ఇంతగా ఎలా తగ్గానో చెబుతాను.

చెంచయ్య నన్ను సెకండ్‌హ్యాండులో కొని, ఆయుధపూజకు పచ్చరంగు వేశాడు. రంగు ఆరకముందే అతని భార్య ఆదెమ్మ పసుపు చెయ్యి తెచ్చి నా తొట్టికి అద్దింది.

"ఏమే, రంగు ఆరనియ్యవా?"

"ఆరితే నా చెయ్యి ఎట్టా అంటుద్దీ?"

అంటింది. ఐదు వేళ్లూ రంగులోకి దిగిపోయాయి.

తర్వాతి వేసవిలో కాలువల శాఖ కాంట్రాక్టు నడుస్తుండగా ఆమె జబ్బుపడింది. చెంచయ్య ఆసుపత్రిలో కూర్చున్నాడు. పని ఆగింది. శాఖవాళ్లు ఒప్పందం రద్దుచేసి, నష్టం కింద నన్ను తమ యార్డుకు లాక్కుపోయారు. ఆమె పోయింది. ఇంట్లో రేషన్ కార్డు ఫొటో మిగిలింది. చెయ్యి నా మీద ఉంది.

నన్ను వేలం వేస్తారని తెలిసి చెంచయ్య ప్లీడరు దగ్గరికి వెళ్లాడు.

"సర్కారు మీద దావాకు ముందు నోటీసివ్వాలి. ఇచ్చాక రెండు నెలలు ఆగాలి. ఇప్పుడే సంతకం పెట్టు."

"పెద్దకర్మ కాలేదండీ. మైలలో సంతకం పెట్టగూడదన్నారు మా పెద్దోళ్లు."

ఆ పెద్దలు కర్మ భోజనాలు చేసి వెళ్లారు. మళ్లీ ఒక్కడూ రాలేదు.

నోటీసు ఆలస్యంగా వెళ్లింది. గడువు నిండకముందే వేలం వచ్చింది. అత్యవసరమని అర్జీ పెడితే, పాత ఇనుముకు తొందరేమిటి, తర్వాత నష్టపరిహారం అడగమంది కోర్టు. ఆ చేతికి ఖరీదు కట్టేదెవరు?

ఒప్పందం తప్పినవాడు వేలం పాడకూడదట. చెంచయ్య గేటు బయట నిలబడ్డాడు. పాతినుము కొనే మస్తాను నన్ను పాడుకుని లారీ ఎక్కించాడు. చెంచయ్య లారీకి అడ్డం వచ్చాడు.

"ఏంది బాబాయ్, చక్రాల కింద పడతావా?"

"ఆ తొట్టి రేకు ఒక్కటి ఇయ్యరా."

మస్తాను రేకును చూశాడు. దాని మీది చేతిని చూశాడు. నోటీసు అడగలేదు. గ్యాసు కట్టరు తీశాడు.

మంటకు ఆ చేతి అచ్చులో చిటికెనవేలు కాలిపోయింది.

"నాలుగు మిగిలినయ్ బాబాయ్."

"చాల్లే" అన్నాడు చెంచయ్య. ముక్క చల్లారకుండానే చేతుల్లోకి తీసుకున్నాడు.

ఇంట్లో గోడకు ఆనించాడు. కోసిన అంచు వంకర. గాలి వీచినప్పుడల్లా చప్పుడు చేసేదాన్ని.

వానాకాలంలో శాఖ నుంచి జవాబొచ్చింది. "తమ నోటీసు పరిశీలనలో ఉన్నది." చెంచయ్య చదివి, మడతలు పెట్టి, నా వంకర కింద దోపాడు.

ఇప్పుడు కదలడం లేదు.