కుమారి గారి పేజీ

గజపతినగరం బజారులో గంగులు నెట్ సెంటర్లోకి వస్తూనే నరసింగరావు కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూతురు పింకీకి సంబంధం వెతకాలి. ఇప్పుడంతా సైట్లలోనే కుదురుతున్నాయని, పెళ్ళిళ్ళ పేరయ్యలతో పని లేదని గరివిడిలో ఎవరో చెప్పారు. పెద్దమ్మ రాకపోతే తానూ రానని పింకీ పట్టుబట్టడంతో వదిన కన్నమ్మను కూడా తీసుకొచ్చాడు.

"శుభమా అని మొదలెడతన్నాం, నువ్వు కాస్త ఎనక్కి కూకో వదినా" అన్నాడు.

భర్త పోయిన నాటి నుంచి కన్నమ్మకు అది అలవాటే. ఈ రోజైతే వెనక కూర్చోవడమే మేలనిపించింది. కిందటి వారం ఇదే కంప్యూటర్ ముందు ఆమె ఒంటరిగా కూర్చుంది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలను ఒక్కొక్కటే వెతికి నొక్కుతూ, పెళ్ళి సైటులో రెండో పెళ్ళి కోరేవాళ్ళ జాబితాలో తన వివరాలు తానే రాసుకుంది. ఇంట్లో అందరికీ కన్నమ్మే గానీ, అసలు పేరు కన్యాకుమారి. అందులో కుమారి మాత్రం పెట్టింది. ఫొటో పెట్టలేదు. పని కాగానే మూలనున్న గుర్తు నొక్కి తెర మూసేసి, ఇక అయిపోయిందనుకుని వచ్చేసింది.

సెంటరు నడిపే గంగులు పక్కన నిలబడి సైటు పేరు కొట్టాడు. అది మనిషి పేరూ అడగలేదు, పాస్‌వర్డూ అడగలేదు. "నమస్కారం కుమారి గారూ, మీకొక సందేశం వచ్చింది" అని పింకీ తెర మీది మాట పైకి చదివింది.

కన్నమ్మ కుర్చీ మరికాస్త వెనక్కి జరుపుకుంది.

"ఏట్రా గంగులు ఇది? కుమారెవులు?" అన్నాడు నరసింగరావు.

"ఎవులో వాడీసి, లాగౌట్ కొట్టి సైట్లోంచి బయటికి రాకండా ఎలిపోనారు బావా. సైటోళ్ళు మన కంప్యూటర్లో ఓ గుర్తు దాసిపెడతారు. కుకీ అంటారు. మళ్ళీ తెరిసినప్పుడు సైటు ముందు దాన్నే సదువుకుంటాది. కూకున్నది ఎవులైనా ఆ మనిసే అనుకుంటాది. ఉండు, తీసెత్తాను."

"ఉండ్రా, తియ్యకు. ఎవులొచ్చారో నీకు తెల్దేటి?"

గంగులు కన్నమ్మ వైపు చూడబోయి, చూపు కీబోర్డు మీదికి దించేశాడు. "రోజూ ఎంతమందొస్తారు బావా!" అంటూ కుమారి వివరాలు తెరిచాడు.

పింకీ చదవబోతే తండ్రి ఆపాడు. "ఇలాటియి నీకెందుకే? వదినా, అచ్చరాలు నేర్సుకున్నావు గదా, ఇలా రా, సదువు. నా కళ్ళజోడు ఇంటికాడ ఉండిపోనాది."

కన్నమ్మ లేచి వచ్చింది. తను రాసుకున్న మాటలు తనే కూడబలుక్కుంటూ చదివింది.

"వయసు నలభై ఆరు. భర్త లేరు. పిల్లలు లేరు. వంట వచ్చు. చదవడం, రాయడం ఈ మధ్యే నేర్చుకున్నాను. సాయంత్రం పూట..." మళ్ళీ ఆ వరుస మొదటికొచ్చింది. "సాయంత్రం పూట మాట్లాడుకోవడానికి మనిషి కావాలి."

నరసింగరావు తొడ చరిచి నవ్వాడు. "మాటాడ్డానికంట! పురాణానికెల్లి కూకోక, ముసిల్దానికి పెళ్ళంట! సిగ్గులేంది! ఏటంటావు వదినా?"

"సిగ్గులేందే" అంది కన్నమ్మ.

అని, నవ్వింది కూడా. ఆ నవ్వు మరిది నవ్వు కంటే గట్టిగా వచ్చింది. విన్నాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మరిది తిట్టాడంటే తెలియక తిట్టాడు. అన్నీ తెలిసిన తను, తన మాట మీద తనే ఉమ్మేసింది. చెమట పట్టిన చేతులు కొంగులో దాచుకుంది.

పింకీ నవ్వలేదు. వివరాల చివర ఫోన్ నెంబరు ఉంది. పెద్దమ్మ ఫోన్‌కి రీచార్జి చేయించేది ఎప్పుడూ పింకీయే.

ఇంతలో ఫోన్ మోగి నరసింగరావు వీధిలోకి వెళ్ళాడు. గంగులు పని ఉన్నట్టు ప్రింటర్ దగ్గరకు జరిగాడు.

"పెద్దమ్మా, నాన్న వచ్చీలోగా సెప్పు" అంది పింకీ గొంతు తగ్గించి. "మొత్తం సెరిపేసీనా?"

కన్నమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది. ఎత్తుకు పెంచిన పిల్ల. "నీకు తలవంపులు తెచ్చీనానే" అంది నేల చూస్తూ.

"అది కాదు నేనడిగింది. సెరిపేసీనా, వద్దా?"

వీధిలో మరిది మాట ముగిస్తున్నాడు. వచ్చిన సందేశం ఇంకా విప్పకుండానే ఉంది. కన్నమ్మ చెవులు సిగ్గుతో కాలిపోతున్నాయి. తల ఎత్తలేదు.

"వద్దు" అంది, వినీ వినపడనట్టు. "సైట్లోంచి బయటికొచ్చెయ్యి, సాలు. ఎలా రావాలో నాకూ సూపించు."