కాంపౌండు మనిషి

"పదకొండో నంబరు, రామ్‌దాస్" అని పిలిచి, ఆత్మారాం డాక్టరు గది తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కంఠేశ్వర్‌లోని ఆ దవాఖానలో కాంపౌండర్ అంటే ఇప్పుడు పేర్లు పిలిచేవాడు. అంతకుముందు సూది వేసేవాడు. ఇంకా ముందు, పెద్ద డాక్టరు బతికున్న రోజుల్లో, మందు కలిపేవాడు. గులాబిరంగు మందును సీసాలో పోసి, పూటకెంత తాగాలో తెలిసేలా కాగితపు పట్టీకి గాట్లు కత్తిరించి అంటించేవాడు. పని రెండుసార్లు మారినా పిలుపు మారలేదు. ఇప్పుడాయనకు అరవై తొమ్మిదేళ్లు. మెడ వంగింది, చెవుల మీద వెంట్రుకలు నెరిశాయి. సన్నటి వేళ్లు మాత్రం ఇంకా వణకవు.

మందుల కౌంటర్‌లో కొత్తగా చేరిన శిరీష ఆ పొద్దున అడిగింది. "తాతా, కాంపౌండర్ అంటే ఏందో ఎరుకేనా?"

"ఎరుకలేకేంది? వేల్పూర్ నుంచి వచ్చిన కొత్తల గీ కాంపౌండు ఊడ్సెటోన్ని. కాంపౌండుల ఉండెటోడు కాంపౌండర్."

శిరీష నవ్వలేదు. "గా కాంపౌండు గోడ మాట వేరే తాతా. ఇంగ్లీషుల కాంపౌండ్ అంటే కలుపుడు. మందు కలిపెటోడే కాంపౌండర్."

ఆయనకు బోధన్‌లో చెరకు కొట్టేవాళ్ల గుడిసెలకు వాంతులు, విరేచనాలు సోకిన ఏడాది గుర్తుకొచ్చింది. సెలైన్ సీసాలు అయిపోతే పెద్ద డాక్టరు "ఆత్మారాం, కలుపు" అన్నాడు. కాచి చల్లార్చిన నీళ్లలో చక్కెర, ఉప్పు కొలిచి మూడు రోజులు కలుపుతూనే ఉన్నాడు. చెంచాలతో తాగించాడు. నలభై ఒక్కమంది లేచి మళ్లీ చెరకు తోటల్లోకి నడిచారు. దక్కనిది ఒక్క పసిపిల్ల. ఆ ముఖం ఆయనకు ఇప్పటికీ గుర్తే.

"అయితే డాక్టర్ సాబ్ నన్ను సక్కటి పేరుతోనే పిలిసిండన్నట్టు" అన్నాడు మెల్లగా. "ఊడ్సెటోనికి దయతల్సి ఇచ్చిన పేరనుకున్న ఇన్నొద్దులు. మంచి మాట జెప్పినవ్ బిడ్డా."

మిగిలిన పేర్లన్నీ ఎప్పటికన్నా గట్టిగా పిలిచాడు. ఒంటిగంటకు ఆఖరి రోగి వెళ్లాక, రోజూలాగే బల్లమీద నడుం వాల్చాడు.

మూడింటికి శిరీష చాయ్ తెచ్చి రెండుసార్లు పిలిచింది. భుజం తాకి చూసి, లోపలికి పరుగెత్తింది. పెద్ద డాక్టరు మనవరాలు, డాక్టరు సింధూజ వచ్చి నాడి చూసింది. చూడటం అయిపోయాక కూడా ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

కిటికీ దగ్గర, మూతపెట్టిన గిన్నెలో, సాయంత్రం గుడాలు ఉడికించుకుందామని ఆయన నానబెట్టుకున్న శనగలు అప్పుడప్పుడే ఉబ్బుతున్నాయి.