అయిదవ కేసరము

ఆషాఢమేఘములు పాపికొండల శిఖరములనావరించి సూర్యదర్శనము దుర్లభమొనర్చి అవిచ్ఛిన్నధారలతో అరణ్యమును ఆకాశమును ఒక్కటిగా కలిపివేయుచుండ, ఎఱ్ఱని కొండనీటితో నిండి తీరవృక్షములను వేళ్లతో పెకలించుకొనిపోవుచున్న గౌతమీప్రవాహమునకు ఎగువనున్న మిట్టనేలమీది కుంపిణీవారి వృక్షవాటికయందు మధ్యాహ్నమే సంధ్యాసమయమై తోచుచుండెను. పెంకుల సందులనుండి కారు నీటికై క్రిందనుంచిన కుండలు నిండి పొర్లుచుండెను. అలమారులలోని కాగితములకు బూజు పట్టి గదులన్నియు ముక్కవాసన కొట్టుచుండెను. ఆ వానలు చెట్లకెంత మేలు చేసెనో చెప్పలేము గాని చెట్లను కాగితములకంటించి దాచుకొనువారికి మాత్రము పగవారివలె దాపురించెను.

ఆ వాటికకధికారి ఆంబ్రోసు వెల్డను దొర. ఆయన యౌవనమున వైద్యుడుగా కుంపిణీ కొలువునచేరి నౌక దిగినది మొదలుకొని రోగుల నాడులకంటె ఆకుల యీనెలను పరీక్షించుటయందే మక్కువగలవాడై, తల నెరయువరకు కొండలు కోనలు తిరిగి, పూచిన కొమ్మలను కోసి కాగితముల నడుమ నదిమి యారబెట్టి, వానికి లాటిను నామములుంచి లండను నగరమందలి పండితులకు పంపుటయే జీవితముగా చేసికొనెను. అయినను అదృష్టదేవత ఆయన గుమ్మము తొక్కలేదు. ఇది నూతనమని ఆయన సంబరపడి పంపిన ప్రతి మొక్కయు అంతకుముందే మఱియొకని పేరిట నమోదైయున్నదని ఏడాదికో రెండేండ్లకో నౌకమీద వార్త వచ్చుచుండెను. పాపము, ఆయన ప్రతిమారును మందహాసము చేసి మరల బూట్లు తొడుగుకొని కొండలకు పోవుచుండెడివాడు.

ఆయనకు లిడియా యను నొక్కతె కూతురుండెడిది. తల్లి పురిటిలోనే పోయెను. ఆ బిడ్డ కుడిచేతికి పుట్టుకతో నాలుగే వ్రేళ్లుండుటచేత పరులెదురైనంతనే ఆ చేతిని గౌను మడతలలో దాచుకొనుచుండెడిది. కోనప్ప యెదుట మాత్రము దాచెడిది కాదు. కోనప్ప దేవాలయకుడ్యములపై దేవతామూర్తులను లిఖించు వంశమునందు పుట్టి దొరవారి కొలువునచేరి మొక్కల చిత్తరువులు వ్రాయుచుండిన చిత్రకారుడు. ఆతడు రంగులు నూరుచుండ బిడ్డ ప్రక్కన కూర్చుండి గంటల కొలది కబుర్లు చెప్పుచుండెడిది. ఎనిమిదవయేట మన్యపు జ్వరము తగిలి ఆ పసిది తండ్రి వైద్యమెల్ల వ్యర్థముచేసి కన్నుమూసెను.

అటుపిమ్మట చిరకాలమునకు వెల్డను దొర యొక కొండవాగు దరిని తడిబండ నెఱ్ఱియలో నీలిపూలు పూచిన చిన్న మొక్కను కనుగొనెను. చూపునకది కొండలయందంతట కానవచ్చు సామాన్యపు మొక్కవలెనే యుండెను. కాని ఆయన ఎండలో నిలిచి భూతద్దముతో పువ్వు విప్పి చూడగా దళములయిదుండినను పుప్పొడి మోయు సన్నని కాడలైన కేసరములు నాలుగే యుండెను. అయిదవదాని చోటు ఖాళీగా నుండెను. పూచిన పువ్వెల్ల నట్లేయుండుటచూచి ఆ వృద్ధుడు బండమీదనే కూలబడి చిన్నపిల్లవానివలె విలపించెను. ఆ మొక్కకాయన బిడ్డపేరు పెట్టెను. లండను పండితులది నూతనజాతియని యంగీకరించిరేని లిడియా పేరు శాస్త్రమున శాశ్వతముగా నిలుచును. తనకు రావలసిన కీర్తిని గూర్చిన యాశ యెన్నడో చచ్చినది గనుక ఆయనకు లోకమున మిగిలిన కోరిక యిదియొక్కటియే.

కోనప్ప ఆ పువ్వును పెద్దదిగా విప్పి చూపుచు రెండు చిత్తరువులు వ్రాసెను. ఒకటి లండనుకు, ఒకటి వాటికయందుంచుటకు. అప్పటికే దొర కన్నులకు పొర కమ్మనారంభించెను. పట్టపగటియెండలో భూతద్దము క్రింద పువ్వు కనబడెడిది గాని కాగితముమీది సన్నని గీతలు ఆయనకు రంగుల మంచుగా మాత్రమే తోచుచుండెను. ఆ నీలివర్ణమును చూచి మురిసి, ఇన్నేండ్లలో నొక్కగీతయు తప్పని చేయిగదా యని నమ్మి, తన వర్ణనము జతపఱచెను. ఎండబెట్టిన మొక్కల కట్టను మాత్రము నౌక వచ్చులోపలనే చెదలు తినివేసెను. మరుసటియేడు మరల సేకరింపబోగా వరద ఆ వాగుదరిని బండతోకూడ ఊడ్చుకొనిపోయియుండెను. చుట్టుపట్ల కోనలన్నియు వెదకించినను అట్టి మొక్క మఱియొకటి దొరకలేదు. చేయునదిలేక చిత్రమును వర్ణనమును మాత్రమే పంపి ఆయన ఎదురుచూచుచుండెను.

ఆ వానలో ఆ మధ్యాహ్నమున గిల్మోరు అను యువకుడు పడవ దిగివచ్చెను. ఆతడు వెల్డను దొరకు మారుగా వాటికాధికారము వహింప నియుక్తుడైన వృక్షశాస్త్రజ్ఞుడు, స్వభావమున మంచివాడు. తడిబట్టలు మార్చుకొనిన వెనుక ఆతడు మిక్కిలి సంకోచముతో తన భాషలో నిట్లు విన్నవించెను.

"అయ్యా! తమ పుష్పమును గూర్చి పండితులు దీర్ఘముగా చర్చించిరి. తమ వర్ణనము కేసరములు నాలుగనుచున్నది. చిత్రమున అయిదు స్పష్టముగా నున్నవి. చూతమన్న మొక్క లేదు. కావున చిత్రమునే ప్రమాణముగా గైకొని యిది తెలిసిన మొక్కయేయని నిర్ణయించిరి. తమ నేత్రములు అలసియుండునని వారి యభిప్రాయము. క్షమింపుడు."

వెల్డను దొర వాటికయందలి రెండవ చిత్తరువును తెప్పించి గిల్మోరు చేతికిచ్చి లెక్కింపుమనెను. ఆతడు లెక్కించి అయిదనెను. దొర ఆతనిని విశ్రమింపబంపి కోనప్పను పిలిపించెను. పండితునియొద్ద నేర్చిన తెలుగగుటచేత ఆయన కోపమువచ్చినను గ్రంథములోనివలెనే మాటలాడును.

"కోనప్పా! ఆ పువ్వునకు కేసరములెన్ని?"

"నాలుగండి."

"నీవు వ్రాసినవెన్ని?"

కోనప్ప తలవంచుకొని "అయిదండి. ఆ అయిదోది నేనే పెట్టానండి" అనెను.

"ఇన్నేండ్లు నా యుప్పు తిని నా నోట మన్నుకొట్టుటకు నీకు చేతులెట్లు వచ్చినవి?"

"అయ్యబాబోయ్, అంత మాటనకండి దొరగారూ! మా ఇంటావంటా దేవుడి బొమ్మలు రాసేవాళ్లమండి. గోడ పెచ్చూడి చెయ్యి పోయినా మళ్లీ రాసేటప్పుడు నిండుగానే రాస్తాం. అవయవం తక్కువ పెట్టి రాయడం మాకు తగదండి. అయినా తమరి దగ్గర కుదిరాక ఉన్నదున్నట్టే రాశాను. పురుగు తిన్న ఆకైతే పురుగు తిన్నట్టే రాశాను. దీనికొక్కదానికే నా చెయ్యి ఒప్పలేదు."

"దీనికేల ఒప్పలేదు?"

"తమరు చిన్నమ్మగారి పేరు పెట్టారు కదండీ. ఓ రోజు ఆవిడ నా పక్కన కూచుని తన బొమ్మ రాయమన్నారు. రాస్తా రాస్తా చేతి దగ్గరికొచ్చాను. 'కోనప్పా, ఇందులో అయిదు పెట్టవూ' అని అడిగారండి. పెట్టాను. ఆ కాగితాన్ని ఎంతసేపు చూసుకున్నారనుకున్నారు! మరి ఆ పిల్ల పేరున్న పువ్వుకి నేను మళ్లీ ఒకటి తక్కువ ఎలా పెట్టేదండీ?"

వెల్డను దొర "ఆ కాగితమెక్కడ నున్నది?" అనెను.

"చిన్నమ్మగారితోనే పెట్టెలో పెట్టేశానండి. తమరు చూస్తే తట్టుకోలేరని చెప్పలేదు."

కూతురు తన లోపమునకై అంతగా కుములుచుండెనని ఆ తండ్రి నాటివరకు ఎఱుగడు. తాను ఏ లోపమును ముద్దుగా స్మరించి పువ్వునకామె పేరు పెట్టెనో ఆ లోపమే యామెకు ప్రాణసంకటమై యుండెను. ఇక కోపించుటకాయనకు ఓపిక లేకపోయెను.

మఱునాడుదయమున జరిగినదంతయు విని గిల్మోరు ఒక యుపాయము చెప్పెను. చిత్రకారుడధికారియెదుట ప్రమాణముచేసి అయిదవ కేసరము తన కల్పనమని చెప్పినచో పండితులు మరల విచారింపవచ్చును. కాని యట్లయినచో ఈ వాటికనుండి పోయిన సహస్రచిత్రములలో నేది నిజమో నేది కల్పనమో యని వారికి సందేహము పుట్టకమానదు. ఎండిన మొక్కలలో ననేకములు చెదలపాలైనందున ఆ వృద్ధుని జీవితపరిశ్రమకెల్ల ఆ చిత్రములే సాక్షులు.

దొర ఆ మాటలను తెలుగున చెప్పగా కోనప్ప ముందునకు వచ్చి చేతులు జోడించి "నేను చెబుతానండి. కొరడాతో కొట్టినా సరే, సంకెళ్లు వేసినా సరే, నేను చేసిన తప్పు నేను చెబుతాను. దొరగారి మాట నిలబడాలి" అనెను.

"నీవు చెప్పిన నమ్ముదురు, కోనప్పా. అదియే నా భయము" అని వెల్డను దొర గిల్మోరు వైపు తిరిగి "అయ్యా, లెక్కించుటయందు నా కన్నులు పొరపడినవి. చిత్రము సరియైనదని వ్రాయుము" అనెను.

చదువరులిది మహాత్యాగమని పొగడుదురేమో. నాకు నోరు రాదు. మొక్క లేనిచోట ప్రమాణము చేసినను పండితులు సందేహమని త్రోసివేయువారేగాని బిడ్డపేరును శాస్త్రమునకెక్కించువారు కారు. ఎటుపోయినను పోవునది పోవుచుండ, ఆ ముసలివాడు తన మాటను తానే అబద్ధముచేసికొని ఒక పేదవాని చేతిని కాపాడెను. ప్రేమచేత చేసిన తప్పునకు శిక్షించువాడును దొరకడు, సవరించువాడును దొరకడు.

వాటికయందలి చిత్తరువుమీది పేరును మార్చుట కొత్తయధికారికి విధి. గిల్మోరు కలము తీసికొనగా వెల్డను దొర ఆతనిని వారించి తానే కొట్టివేయుదునని కలము పుచ్చుకొనెను. కాగితముపై వంగి ఎంత చూచినను అక్షరములాయనకు కనబడలేదు. కలము పువ్వుమీదికి పోబోవుచుండెను. కోనప్పకు లాటిను రాదు గాని మచ్చుకాగితమును చూచి ఆ పేరును సుందరముగా లిఖించినవాడాతడే యగుటచేత అదెక్కడ మొదలగునో యెక్కడ ముగియునో యెఱుగును. ఆతడు దొరచేతిని తన చేత పట్టి పేరున్నచోటికి తెచ్చి "ఇక్కడండి" అనెను.

కలము మెల్లగా సాగి నిలిచెను.

"అంతయు పోయినదా?"

కోనప్ప కాగితముపైకి వంగి చూచెను. గిల్మోరు కిటికీవైపు తిరిగి నిలుచుండెను. కొంతసేపటికి కోనప్ప "చివర ఒక అక్షరం ఇంకా కనబడుతోందండి" అనెను.

"దానిని మాత్రమేల మిగుల్చవలెను? చూపుము."

కోనప్ప మరల ఆ చేతిని పట్టి నడిపించెను.